అంగడి తాళాలు, పాప నిద్ర

ఉదయగిరి,
వినాయక చవితి వెళ్లిన వారం

మురళీ,

మీ ఇంట్లో పాప నిద్రపోకపోవడానికి కారణం నువ్వు. దిష్టి కాదు, పళ్లు రావడం కాదు, అనుపమ బడి ధ్యాస అంతకన్నా కాదు. నువ్వే. ఇక్కడితో చదవడం ఆపి ఈ కాగితంలో జీలకర్ర పొట్లం కట్టాలనిపిస్తే కట్టుకో. కాకపోతే చివరిదాకా చదివి కట్టు.

ఫోన్ చేయొచ్చు గదా అంటావు. మొన్న చేశాను. నోరు తెరిచానో లేదో "అక్కా, గిరాకీ టైము" అని పెట్టేశావు. అంతకుముందు నువ్వు చేస్తే నేను పెట్టేశాను, సరే. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే వీధి మొత్తానికి వినపడుతుంది, మనకు మాత్రం ఒకరిది ఒకరికి వినపడదు. కాగితం మీదైతే నేను చెప్పేది అయ్యేదాకా నువ్వు అడ్డం రాలేవు. ఇకనుంచి ఉత్తరాలే.

ఆదివారం మీ ఇంట్లో నేను చూసింది చెబుతాను. పాప అప్పుడే కళ్లు మూసింది. నీ కోడలు అనుపమ అన్నం పళ్లెం ముందు కూర్చుంది. మొదటి ముద్ద ఇంకా నోటి దాకా పోలేదు, నువ్వు అంగడి నుంచి దిగావు. చెప్పులు ఒక మూల, కండువా ఒక మూల. "ఏదీ నా బంగారు తల్లి" అంటూ దోమతెర లాగి ఉయ్యాల్లో బిడ్డను ఎత్తేశావు. అది ఉలిక్కిపడి గుక్కపెడితే "చూడు చూడు, తాతను గుర్తుపట్టింది" అన్నావు. తోచినంతసేపు ఎగరేసి ఆడించి, అన్నం తిని, ఏడుస్తున్న బిడ్డను అనుపమ ఒళ్లో పెట్టి, పక్కగదిలో ఫ్యాను కింద పడుకుని గురక మొదలుపెట్టావు. అప్పుడు నీ భార్య ఉషారాణి వచ్చి వీధి తలుపు దగ్గరగా వేసి, "ఆయన పడుకున్నారు, మెల్లగా వదినా" అని నాకు సైగ చేసింది. మీ ఇంట్లో నిద్రకు మర్యాద లేదని ఎవరంటారు? ఉంది. ఎవరి నిద్రకు ఉంది అన్నదే ప్రశ్న.

పళ్లెంలో అన్నం చల్లారిపోయింది. దాని సంగతి ఎవరూ అడగలేదు.

సాయంత్రం కాఫీ తాగుతూ నువ్వన్న మాట నాకు ఇంకా చెవిలో ఉంది. "బిడ్డ వాళ్లమ్మ ఒళ్లో తప్ప నిద్రపోదు గదక్కా. దసరా సెలవులు అయిపోయినాక ఈమె చేజర్ల బడికి యాడ పోతుంది? మానేస్తే సరిపోద్ది." సరిపోద్ది! ఎవరికి సరిపోతుంది? ఆ పిల్ల డీఎస్సీ రాసి, ఒకసారి తప్పి, మళ్లీ రాసి తెచ్చుకున్న లెక్కల టీచరు ఉద్యోగం అది. నువ్వు ఆ మాట అంటుంటే దాని మొగుడు, అంటే నీ పుత్రరత్నం రాజమోహన్, గోడ వైపు చూశాడు. ఆ గోడ మీద ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అనుపమ సెలవు దసరాతో అయిపోతుంది. ఆ లోపల పాప ఎవరి చేతనైనా నిద్రపోవడం నేర్చుకోవాలి. అది పెద్ద విద్య కాదు. అడిగితే చెబుతాను. అడగకపోయినా చెబుతానని నీకు తెలుసు.

వసంతక్క


ఆత్మకూరు,
శనివారం, గిరాకీ లేని మధ్యాహ్నం

అక్కకు నమస్కారం.

ఉత్తరం అందింది. పోస్ట్‌మ్యాన్ అంగడికే తెచ్చిచ్చినాడు. కవరు బరువు చూసి "ఏందన్నా, కోర్టు నోటీసా?" అన్నాడు. అంతకంటే పెద్దది, మా అక్క రాసింది అన్నాను.

నా మీద ఇన్ని రాసినావు గదా, ఒకటి మరిచిపోయినావు. ఆదివారం పాపను రెండోసారి లేపింది ఎవరు? అనుపమ మళ్లా ఎట్టనో జోకొట్టి పడుకోబెట్టింది. నువ్వు వచ్చి సరిగ్గా ఉయ్యాల పక్కన నిలబడి, నడుం మీద చేయి పెట్టి, "ఈ దేశంలో బిడ్డ నిద్ర అనేది" అని మొదలుపెట్టినావు చూడూ! పక్కింటి దేవకమ్మ గోడ మీది నుంచి తొంగి చూసి, "ఎలక్షన్లు వచ్చినాయా?" అని అడిగింది. నిద్ర గురించి నువ్విచ్చిన ఉపన్యాసానికి బిడ్డ నిద్ర లేచింది. ఇది నువ్వు వ్యాసాలు రాసే పత్రికలో రాస్తావా?

మనల్ని ఎవరు టైం టేబులు పెట్టి పెంచినారక్కా? బెల్లం బస్తాల మీద పడి నిద్రపోలా? నాయన అంగడి మూసి, మనల్ని భుజాన వేసుకొని ఇంటికి తెస్తే, పొద్దున లేచి చూసుకుంటే పరుపు మీద ఉండేవాళ్లం. ఒంటికి చీమలు కూడా ఉండేవి. చెడిపోయినామా?

నువ్వు ఐసీడీఎస్ సూపర్‌వైజరు, ఉదయగిరి చుట్టూ ఉండే అంగన్‌వాడీలన్నీ తిరుగుతావు, కాదనను. కానీ అంగన్‌వాడీ పిల్లలు వేరు, ఇంటి బిడ్డ వేరు. ఆ పిల్లల తల్లులు కూలికి పోతారు, యాడ పడుకోబెడితే ఆడ పడుకుంటారు. మన బిడ్డకు ఆ ఖర్మ ఏంది?

ఇంకొకటి. అనుపమను ఉద్యోగం మానమని నేను అనలేదు. సరిపోద్ది అన్నాను, అంతే. ఆమే ఆలోచిస్తా ఉండాది.

ఉష ఒకటి అడగమన్నది. అన్నప్రాసనకు మీ ఉదయగిరి చెక్క స్పూను ఒకటి కావాలంట, బిడ్డ నోటికి పట్టేంత చిన్నది. నీ మీద కోపం ఉండాది గానీ స్పూను మీద లేదు.

మురళీకృష్ణ


ఉదయగిరి,
మరుసటి మంగళవారం

మురళీ,

స్పూను కొన్నాను. చేత్తో చెక్కింది, అంచులు నున్నగా తిప్పారు. పోస్టులో పంపను, నేనే తెస్తాను. గుమ్మం బయటే గొంతు తగ్గించుకుని వస్తాను. ఎలక్షన్లు ఇప్పట్లో లేవని దేవకమ్మకు చెప్పు. ఉయ్యాల పక్కన అరిచాను, తప్పు నాదే. నా కేసు తేలిపోయింది. ఇక నీ కేసు.

"యాడ పడుకోబెడితే ఆడ పడుకుంటారు. మన బిడ్డకు ఆ ఖర్మ ఏంది?" అని రాశావే. కూలికి పోయే తల్లి బిడ్డ చాప మీద ప్రశాంతంగా నిద్రపోతే అది ఖర్మ. టోకు వ్యాపారి మనవరాలు కర్ర ఉయ్యాల్లో గుక్కపెట్టి ఏడిస్తే అది వైభోగం. బాగుందిరా నీ లెక్క. ఆ పిల్లలు అట్లా నిద్రపోతున్నారంటే ఎవరో ఓపిగ్గా నేర్పారు కాబట్టి. ఆ తల్లికి రోజంతా బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చునే వీలు లేదు. అందుకని బిడ్డకు ఒళ్లు బదులు ఒక వరస అలవాటు చేశారు. మనింట్లో ఆడవాళ్లకు కూర్చునే వీలు ఉందని మీరు అనుకుంటున్నారు కాబట్టి ఎవరూ ఆ పని చేయలేదు.

ఆ వరస ఏమిటో రాస్తున్నాను. ఉష చేత, అనుపమ చేత గట్టిగా చదివించు. లేదా నువ్వే చదివి వినిపించు, ఎందుకంటే ఇది నీకోసం.

ఆరు నెలల బిడ్డకు నిద్ర వస్తే నోరు తెరిచి చెప్పదు. కళ్లు నలుపుకుంటుంది, చెవి లాక్కుంటుంది, ఆడిస్తుంటే మొహం పక్కకు తిప్పేసుకుంటుంది. అదే కబురు. ఏడ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టు. అప్పుడు పగలైతే మొహం, చేతులు తడిగుడ్డతో తుడిచి, పాలు పట్టి, కిటికీకి తెర వేసి, ఒకే పాట పాడాలి. రోజుకో పాట వద్దు. రాత్రికైతే గోరువెచ్చటి నీళ్లు పోసి, పొడి బట్టలు తొడిగి, పాలు, తగ్గించిన దీపం, అదే పాట. కళ్లు బరువెక్కి ఇంకా కాస్త మెలకువ ఉండగానే ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టాలి. ఒళ్లోనే నిద్రపోయిన బిడ్డ ఉయ్యాల్లో కళ్లు తెరిస్తే, నువ్వు ఇంట్లో పడుకుని బస్టాండులో లేచినట్టు ఉంటుంది దానికి. పక్కన దిండ్లు, బొంతలు, బొమ్మలు పెట్టొద్దు. సాంబ్రాణి పొగ అసలు వద్దు, ఆ పొగలో మనకే ఊపిరాడదు. పగలు ఇంట్లో మామూలు మాటలు, వెలుతురు ఉండనివ్వండి. రాత్రి చీకటిగా, మాటలు తక్కువగా ఉండనివ్వండి. ఏది పగలో ఏది రాత్రో బిడ్డకు మనమే చెప్పాలి.

గడియారం పట్టుకుని కూర్చోనక్కరలేదు. ఒకదాని తర్వాత ఒకటి, రోజూ అదే తీరులో జరిగితే చాలు. అప్పుడు పాట ఎవరు పాడినా పాప నిద్రపోతుంది. తాత పాడినా.

చివరగా, "ఆమే ఆలోచిస్తా ఉండాది" అన్న వాక్యం గురించి. ఇంటిల్లిపాదీ బిడ్డను లేపుతారు. పడుకోబెట్టే పని ఒక్కదానికి వదిలేస్తారు. అది అలిసిపోయి "నావల్ల కాదు" అన్న రోజున "చూశారా, తనే అన్నది" అంటారు. ఉద్యోగం మానమని ఎవరూ అనరు. మానకుండా ఉండలేనట్టు చేస్తారు. ఈ పని చేసే ఇళ్లు నేను జలదంకిలో చూశాను, ఇక్కడ చూశాను. నా తమ్ముడి ఇల్లు కూడా వాటిలో ఒకటని ఎవరైనా అంటే కొట్టడానికి పోయేదాన్ని. ఇప్పుడు ఎవరిని కొట్టాలి?

వసంతక్క


ఆత్మకూరు,
మహాలయ పక్షాలు

అక్కా,

కొడితే నన్నే కొట్టు, రెండు దెబ్బలు తింటాను. ముందు ఇది విను.

నీ ఉత్తరం ఉష గట్టిగా చదివింది. బస్టాండులో లేచినట్టు అనే దగ్గర అందరం నవ్వినాం, అనుపమ కూడా నవ్వింది. ఆ పిల్ల నవ్వి చాలా రోజులైంది, నిజం చెప్పాలంటే. అప్పుడే మొదలుపెట్టినారు. ఉష పాత నీలం చీర చింపి కిటికీకి తెర కట్టింది. పాట అనుపమది. పాట అంటే పాట కాదక్కా, ఎక్కాలు! బళ్లో పిల్లకాయలకు నేర్పే రాగంలో రెండో ఎక్కం ఎత్తుకుంటుంది. ఐదో ఎక్కం లోపల బిడ్డ పడిపోతా ఉండాది. ఏడో ఎక్కం మన పాప ఇంకా విన్లేదు.

మధ్యాహ్నం నేను అన్నానికి పోయినా ఇప్పుడు లేపడంలే. అంటే, ఉష లేపనీయడంలే. గరిటె పట్టుకొని గది గుమ్మంలో నిలబడతా ఉండాది.

కాబట్టి మధ్యాహ్నం పాస్. కానీ మిగతాది ఫెయిలు. పొద్దున లేచేటప్పుడే ఏడుస్తా లేస్తుంది, ఆ చిరాకు పొద్దెక్కేదాకా పోదు. రాత్రి నీ వరస ప్రకారం అంతా చేసి పడుకోబెడతారు, చక్కగా పడుకుంటుంది. నేను వచ్చినాక మళ్లీ లేచి ఏడుపు. వాళ్లమ్మ మళ్లీ ఎక్కాలు మొదలుపెట్టాల్సిందే. కాబట్టి నువ్వు చెప్పినంత సులభం కాదని తేలింది. ఈమె బడికి పోయి, చేజర్ల బస్సులో నిలబడి వచ్చి, మళ్లీ ఇదంతా చేయగలదా? నువ్వే చెప్పు.

అంగడి మాత్రం అదిరిపోతా ఉండాది. దసరా సరుకు దించుతా ఉన్నాం, బెల్లం దిమ్మెలు పెట్టేదానికి చోటు లేదు. నువ్వు నమ్మవు గానీ ఇదంతా పాప చేతి చలవ. పురుడు వెళ్లినప్పటి నుంచి అంగడి తాళాలు దాని చేతికి తాకించకుండా నేను షట్టర్ ఎత్తింది లేదు. పొద్దున్నే గదిలోకి పోయి గుప్పిట్లో పెడతాను, అది పట్టుకున్నాక తీసుకొని పోతాను. బోణీ ఎట్టా పడతా ఉండాదనుకున్నావు! అంగడి మూసి వచ్చినాక కూడా తాళాలు దాని చేతిలో పెట్టి, కళ్లకద్దుకొని, అప్పుడు మేకుకు తగిలిస్తాను. నిద్రలో ఉన్నా పట్టుకుంటుంది, మహాలక్ష్మి! ఎదురంగడి పెంచలయ్య "నీకేం సామీ" అని కుళ్లుకుంటా ఉండాడు.

స్పూను మరిచిపోవద్దు.

మురళీకృష్ణ


ఉదయగిరి,
ఉత్తరం అందిన రోజే

తాళాలు?

నిద్రపోయే బిడ్డ గుప్పిట తెరిచి, చల్లటి ఇనప తాళంచెవుల గుత్తి పెట్టి, అది లేచి ఏడిస్తే, "పొద్దున లేచేటప్పుడే ఏడుస్తా లేస్తుంది" అని నాకే ఉత్తరం రాస్తావా? నువ్వు వచ్చినాక లేచి ఏడుస్తుంది అని నీ చేత్తోనే రాశావే, రాసి మళ్లీ చదువుకోలేదా? నా పద్ధతి ఫెయిలంట! మీ ఇంటి కోడలు ఫెయిలంట! పాస్ అయింది ఒక్కటే, నీ బోణీ.

ఆ ఆదివారం అనుపమను అడిగాను, పొద్దున ఎందుకే అంత చిరాకు దీనికి అని. "అది అంతే పెద్దమ్మా" అని తల దించుకుంది. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది. ఏమని చెబుతుంది? "మామయ్యా, మీ బోణీ కోసం నా బిడ్డను లేపకండి" అనాలి. అన్న మరుక్షణం ఏమవుతుంది? ఇంటికి వచ్చే లక్ష్మికి అడ్డం పడిన కోడలవుతుంది. ఆ రోజు నుంచి అంగడిలో మిరపకాయలకు పురుగు పట్టినా దాని నోటి వల్లే అంటారు. అందుకని నోరు మూసుకుంది. బిడ్డ ఏడుపు తన చేతగానితనం అని మీరంటే ఒప్పుకుంది. ఇప్పుడు ఉద్యోగం కూడా వదులుకోబోతోంది. ఒక చదువుకున్న పిల్ల బతుకుతెరువును నీ తాళాల గుత్తికి కట్టి మేకుకు తగిలించావు, మురళీ. ఆచారం అని పేరు పెట్టుకున్నావు. నాయన ఏనాడైనా ఇట్లా చేశాడా? ఇది నువ్వు ఆరు నెలల కింద కనిపెట్టిన ఆచారం!

నీ అంగడిని నువ్వు ఎట్లా నిద్రపుచ్చుతావో గుర్తు తెచ్చుకో. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, నాయన చేసిందే నువ్వూ చేస్తావు. ముందు కాటా తుడిచి గుడ్డ కప్పుతావు. పప్పుల డబ్బాల మూతలు ఒక్కొక్కటి నొక్కి చూస్తావు. వెనక గదిలో దీపం, తర్వాత మధ్య దీపం, చివర గల్లాపెట్టె దీపం ఆర్పుతావు. షట్టర్ దించుతావు, అది కూడా విసురుగా కాదు, చేత్తో ఆపుకుంటూ. తాళం వేసి రెండుసార్లు లాగి చూస్తావు. కళ్లకద్దుకుంటావు. ఆ వరసలో ఒక్కటి తప్పినా నీకు అన్నం దిగదు. అట్లా మూసిన అంగడిని ఎవడైనా అపరాత్రి వచ్చి షట్టర్ బాది, "ఊరికే, చేయి తాకించి పోతాను" అంటే ఊరుకుంటావా?

అంగడికున్న మర్యాద ఆ బిడ్డకు లేదా?

వసంతకుమారి


ఆత్మకూరు

వసంతకుమారి గారికి,

మీ ఉత్తరం అందింది.

అంగడి మా నాయన పెట్టింది, నేను నడుపుతున్నాను. దాని తాళాలు ఎవరి చేతికి తాకించాలో నాకు తెలుసు.

అనుపమ విషయం. సెలవుల తర్వాత బడికి పోదు. రాజమోహన్ ఆమెతో మాట్లాడినాడు. సరే అన్నది. ఇందులో ఎవరి బలవంతమూ లేదు.

అన్నప్రాసన దసరా వెళ్లినాక పెట్టుకున్నాం. వీలుంటే రండి. స్పూను తేకపోయినా పర్వాలేదు, వెండిది చేయిస్తున్నాం.

ఇట్లు,
మురళీకృష్ణ


ఉదయగిరి

మురళీ,

నాకు "మీరు" పెట్టావు. చిన్నప్పుడు నీ పలక నేను పగలగొట్టినప్పుడు కూడా "ఒసేయ్" అన్నావు గానీ మీరు అనలేదు. బాగా తగిలిందన్నమాట.

కోపం తగ్గించుకుని రాస్తున్నానని చెప్పను. తగ్గలేదు. కానీ ఈసారి వాదించను, ఒక్కటే అడుగుతాను. ఒక్క మధ్యాహ్నం, ఉష లేకుండా, అనుపమ లేకుండా, పాపను నువ్వు పడుకోబెట్టు. చేతులు నొప్పి పుట్టేదాకా, గొంతు ఎండేదాకా, ఇక నావల్ల కాదు దేవుడా అనేదాకా నువ్వొక్కడివే. ఆ మరుసటి పొద్దున తాళాలు తీసుకుని గదిలోకి పో. అప్పుడు కూడా లేపగలిగితే, లేపు. నేను ఇక నీ ఇంటి విషయం ఎత్తను. అన్నప్రాసనకు వచ్చి, పప్పన్నం తిని, పట్టుచీర గురించి మాట్లాడి పోతాను.

అనుపమ సరే అన్నదన్నావు. ఎవరి మొహం చూసి అన్నది? రాజమోహన్ ఎటు చూసి అడిగాడు? గోడ వైపేనా?

స్పూను నా బ్యాగులోనే ఉంది.

అక్క


ఆత్మకూరు,
విజయదశమి ముందు

అక్కా,

నీ పందెం కోసం చేసినాననుకోవద్దు. నీ ఉత్తరం చదివి అవతల పడేసినాను. జరిగిన కథ వేరే.

బళ్లకు సెలవులిచ్చే రోజు అనుపమ చేజర్ల పోయింది. ఇక రానని హెడ్మాస్టరుకు తానే నోటితో చెప్పి వస్తానన్నది. ఉష వాళ్ల తమ్ముడి కొత్తింట్లో పాలు పొంగిస్తా ఉంటే జలదంకి పోయింది. రాజమోహన్ సరుకుకు నెల్లూరు. అంగడి గుమస్తాకు అప్పజెప్పి నేను ఇంట్లో ఉండినాను. ఆరు నెలల బిడ్డ, దానికి కావాల్సినవన్నీ సీసాల్లో పెట్టి పోయినారు, ఏముండాది అనుకున్నాను.

మొదట బాగానే ఆడింది. కళ్లు నలుపుకుంటే నాతో దాగుడుమూతలు ఆడతా ఉండాదనుకొని నేనూ కళ్లు మూసి తెరిచినాను. చెవి లాక్కుంటే కమ్మలు అడుగుతా ఉండాదని మురిసిపోయినాను. నీ ఉత్తరంలో రాసిందంతా కళ్ల ముందు జరుగుతా ఉండాది, నా బుర్రకు ఎక్కలేదు. అప్పుడు ఎత్తుకుంది ఏడుపు! భుజాన వేసుకొని వసారా అంతా తిరిగినాను. గిలక్కాయ ఆడించినాను. బస్సులు చూపించినాను. చివరికి మేకుకున్న తాళాలు తీసి చేతిలో పెట్టినాను, మహాలక్ష్మి గదా అని. విసిరి కొట్టింది. నా కాలి బొటనవేలి మీద పడినాయి. గోరు ఇప్పటికీ నల్లగా ఉండాది.

దేవకమ్మ గోడ మీది నుంచి "ఏందబ్బయా, బిడ్డను కొడతా ఉండావా?" అన్నది. ఏడుపు వచ్చేసింది నాకు.

అప్పుడు గుర్తొచ్చింది, నువ్వు రాసిన అంగడి. వేరే దారి లేక అదే చేసినాను. మొహం, చేతులు తుడిచినాను, కాటా తుడిచినట్టు. పాలు పట్టినాను. ఉయ్యాల్లో ఉండే బొమ్మలన్నీ తీసేసినాను. ముందు వసారా తలుపు, తర్వాత గది తలుపు వేసినాను. కిటికీ తెర దించినాను, విసురుగా కాదు, చేత్తో ఆపుకుంటా. అనుపమ రాగం నాకు రాదు. నాయన మనకు నేర్పినాడే పావు ఎక్కం, అది ఎత్తుకున్నాను. పావు ఒకటి పావు, పావు రెళ్లు అర, పావు మూళ్లు ముప్పావు, పావు నాలుగు ఒకటి. బిడ్డ ఏడుపు ఆపి నా నోటి వైపు చూసింది. కొత్త పాట గదా. పావు ఎక్కం అయిపోయింది, అర ఎక్కం పాడినాను, ముప్పావు ఎక్కం పాడినాను. మళ్లీ మొదటికొచ్చినాను. ఉయ్యాల్లో పడుకోబెడితే ఒక్క మూలుగు మూలిగింది, నేను ఎక్కం ఆపలేదు. గొంతు ఎండిపోయింది. కళ్లు మూసింది.

అంతలో పెంచలయ్య ఫోను! ఎండుమిరప ధర అడిగేదానికి! జేబులోంచి తీసి పరుపు కింద తోసి దాని మీద కూర్చున్నాను. అక్కా, మనిషి ఊపిరి పీల్చుకుంటే ఇంత చప్పుడు అవుతుందని నాకు ఇన్నేళ్లూ తెలీదు.

మరుసటి పొద్దున తాళాలు తీసుకొని గదిలోకి పోయినాను. నీ పందెం గుర్తుకొచ్చి కాదు, అలవాటు. పాప వెల్లకిలా పడుకొని ఉండాది. గుప్పిట తెరిచే ఉండాది, పెట్టమన్నట్టు. చేయి చాచినాను. అప్పుడు చూసినాను, పక్కన మంచం మీద అనుపమ. కళ్లు మూసుకొని ఉండాది గానీ నిద్రలో లేదు. ఊపిరి బిగబట్టి ఉండాది. ముందురోజు నేను ఉయ్యాల పక్కన బిగబట్టినానే, అట్టా. రోజూ పొద్దున అట్టనే బిగబట్టి ఉండిందేమో. నేనేనాడూ ఆ పక్క చూడలేదు.

తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో నొక్కి పట్టుకొని వెనక్కి వచ్చేసినాను.

ఆ రోజు బోణీ బాగలేదు. నీ ముందు అబద్ధమెందుకు. మొదట వచ్చినాయన చింతపండు బాగలేదని వాపసు ఇచ్చేదానికి వచ్చినాడు. ఇంటికి పోయి తాకించుకొని వద్దామా అని మనసు పీకింది. పీకింది గానీ లేవలేదు.

సాయంత్రం అనుపమను అడిగినాను, హెడ్మాస్టరు ఏమన్నాడమ్మా అని. "చెప్పలేదు మామయ్యా" అన్నది. ఆయన గది దాకా పోయిందంట. పదో తరగతి పిల్లకాయలు చుట్టుకొని లెక్క అడిగితే, నల్లబల్ల మీద చేసి చూపించి, గంట కొడితే బస్సెక్కి వచ్చేసిందంట. ఆ లెక్క సంగతి చెప్పేటప్పుడు మొహం ఎట్టా ఉండిందో నీకు నేను రాయలేను. సరే, సెలవులైనాక పో తల్లీ అనబోయి ఆగినాను. పో అనేదానికి నువ్వెవడివిరా అని నువ్వు ఉత్తరం రాస్తావు. అందుకని అడిగినాను: నీకు పోవాలని ఉండాదా? ఆ పిల్ల నా వైపు, వాళ్లత్త వైపు, మొగుడి వైపు చూసి, "ఉండాది" అన్నది. గట్టిగానే అన్నది.

రాజమోహన్ గోడ వైపు తిరిగినాడు. ఒరేయ్, ఇట్టా చూడు, ఉద్యోగం మాను అని ఆ పిల్లను నాకోసం నువ్వు అడిగినావు, అట్ట అడగనిచ్చిన తప్పు నాది, ఇప్పుడు నీ నోటితో నువ్వేమంటావో చెప్పు అన్నాను. కాసేపు గొణిగి, "రాత్రి నేను పడుకోబెడతాలే" అన్నాడు. వాడికి రెండో ఎక్కమే సరిగ్గా రాదు. అనుపమ నేర్పతా ఉండాది.

వెండి స్పూను ఆర్డరు వద్దన్నాను. నువ్వు తెచ్చేదే పెడతాం.

నీ వ్యాసాల చివర ఎప్పుడూ డిమాండ్లు రాస్తావు గదా. ఇవి నావి. ఒక కాగితం మీద రాసి ఇంట్లో కూడా అంటించినాను, రాజమోహన్ చూసే గోడకే.

అనుపమ ఉద్యోగం మానాలా వద్దా అనే మాట ఈ ఇంట్లో గానీ, చుట్టాల ఇళ్లల్లో గానీ ఇక ఎవరూ ఎత్తకూడదు.

అనుపమ అన్నం తినేటప్పుడు బిడ్డ ఇంకొకరి చేతిలో ఉండాలి.

మధ్యాహ్నం నిద్ర నాది. ఉష నా పావు ఎక్కాన్ని వెక్కిరించకూడదు.

రాత్రి నిద్ర రాజమోహన్‌ది. సరుకు, నెల్లూరు, తలనొప్పి అనే సాకులు చెల్లవు.

తాళాలు మేకుకే ఉండాలి. పాప తానుగా లేచి, తానుగా అడిగితే తప్ప ఎవరూ దాని చేతికి ఇవ్వకూడదు. నాతో సహా.

దేవకమ్మ గోడ మీది నుంచి మాట్లాడాలంటే ముందు కిటికీ తెర చూసుకోవాలి.

మధ్యాహ్నం పూట మా ఇంటికి ఎవరూ ఫోన్ చేయకూడదు. ముఖ్యంగా నువ్వు. ఏమన్నా తిట్టాలంటే ఉత్తరం రాయి.

మురళి